ఆరిక, ఎనభై ఎనిమిదో పేజీ

షార్జాలో ఆగస్టు. కిటికీ అద్దానికి బయటివైపు చెమట.
లోపల ఏసీ చలికి శాలువా కప్పుకుని
నేను పేర్లకు కంచె వేస్తుంటాను.

పేరు ముందు ఒక కోణం, పేరు వెనక ఒక కోణం,
వెనకదాని లోపల ఒక వాలుగీత.
మధ్యలో ఉన్నది మామూలు మాట కాదు, యంత్రం,
దాన్ని పంక్తి చివర విరవొద్దు, అనువదించొద్దు,
తప్పనుకుని దిద్దొద్దు
అని చెప్పడమే నా ఉద్యోగం.
సముద్రాన్ని తాగునీరు చేసే కర్మాగారానికి
మూడు వందల పేజీల చేతిపుస్తకం.

ఆ యంత్రాలకు పేర్లు పెట్టింది రాయచోటి దస్తగిరి.
వేరేచోట్ల గ్రహాల పేర్లు పెడతారు, పులుల పేర్లు పెడతారు.
ఇతను కొర్ర అన్నాడు, సజ్జ అన్నాడు,
సామ, అండుకొర్ర, ఆరిక.
"వాన లేనిచోట నిలబడేవి ఇవే కదక్కా."

కంచె లేని రోజుల సంగతి చెప్పాలి.
అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాము కొర్రను కొరియా చేసింది.
అరబ్బీలోకి మార్చే హమ్దీకి అది వాళ్ళ బంతిలా వినిపించి
"బంతి ఆగిపోతే" అని రాసుకుపోయాడు.
"సజ్జలోకి వెళ్ళి చూడండి" అన్న వాక్యం చదివి
రాత్రి డ్యూటీలో ఉన్న బిజోయ్
సజా క్యాంపుల వైపు బయల్దేరడానికి
కారు తాళాలు అందుకున్నాడు.

నవ్వుకున్నాం. మర్నాటి నుంచి కోణాలు వేయడం మొదలుపెట్టాను.

మొదట్లో మొత్తం పేరుకు ఒకటే కంచె.
తర్వాత యంత్రానికొకటి, డొమైన్‌కొకటి విడదీశాను.
మరి మధ్యలో చుక్క ఎవరిది?
దస్తగిరి యంత్రానిదన్నాడు, నేను ఇంటిదన్నాను,
ఒక పూటంతా ఆ చుక్క గట్టు తగాదా అయింది.

ఈ పేర్లను కుడి నుంచి చదవాలని
నాకన్నా ముందు హమ్దీకే అర్థమైంది.
దేశం చివర, దానికి ఎడమన సంస్థ, ఇంకా ఎడమన విభాగం,
అన్నిటికన్నా ముందు, ఒక్కతే, ఆరిక.
నాకేమో తిరగబడ్డట్టుండేది.
మనకు ఇంటిపేరు ముందు నడుస్తుంది, మనిషి తర్వాత వస్తాడు.
దస్తగిరి తన కార్డు తీసి చూపించాడు:
ఇంటిపేరు ఆఖర్న పడింది,
అదీ సగమే.

అక్టోబరులో భద్రతా విభాగం నుంచి ఉత్తరం.
అసలు పేర్లు పుస్తకంలో కనిపించకూడదు.
అన్నిచోట్లా ఎగ్జాంపుల్ అని రాయాలి.
ఎవరూ కాపురముండకూడదని ఉద్దేశపూర్వకంగా
ఖాళీగా ఉంచిన ఇల్లట అది.

పదహారు నెలలు వేసిన కంచెలు.
ఒక్క ఆదేశం.
వెయ్యిన్ని నలభై చోట్ల, సులేమానీ చల్లారకముందే,
కొర్ర ఒకటి, సజ్జ రెండు, సామ మూడు.
నేను గుర్తు పెట్టకపోయుంటే
వాటిని వెతికి పట్టుకోవడానికి ఏడాది పట్టేది.
కంచె చేను మేయడమంటే
ఇన్నాళ్ళూ ఇంకేదో అనుకున్నాను.

దస్తగిరికి ఫోన్ చేశాను. అప్పటికి సొహార్‌లో ఉన్నాడు.
"పోనీలే అక్కా, ఈడ వీటికి నంబర్లే,"
అని కాసేపాగి,
"ఆరిక ఎట్లుంది? దాని ఫ్యాను మోగుతుంటుంది, చెప్పు వాళ్ళకు" అన్నాడు.

చివరి తనిఖీలో దొరికింది.
ఎనభై ఎనిమిదో పేజీ, పట్టిక అడుగున, చీమతల అక్షరాల్లో:
"రెండో పంపు జవాబివ్వకపోతే ఆరికను అడగండి."
కంచె వేయడం మరిచిన ఒకే ఒక్కచోటు.
నా తప్పు.

నిబంధన ప్రకారం దిద్దాలి.
కర్సర్ దాని పక్కన కొట్టుకుంటోంది.
కింద వీధిలో మగ్రిబ్ అజాన్, దుకాణాల షట్టర్లు సగానికి.
ఫైలు మూశాను.
సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడగలేదు.
నేనేమీ మార్చలేదు కదా.